కష్టం వస్తే 'అమ్మా' అని ఎందుకంటారు? మరియతల్లి భక్తి గురించి మన మేడిపల్లి వైపు నుంచి ఒక మాట

వీడియో చూసే టైం లేనివాళ్ళు, నెట్ స్లో ఉన్నవాళ్ళు చదువుకుంటారని మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. బస్సులో కూర్చున్నా, డ్యూటీ బ్రేక్‌లో ఉన్నా ఓ పది పన్నెండు నిమిషాల్లో చదివేయొచ్చు.

ఈరోజు టాపిక్ ఏంటంటే, కతోలిక క్రైస్తవులు కష్టం వచ్చినప్పుడు మరియతల్లిని ఎందుకు పిలుస్తారు? జ్వరం వచ్చినా, అప్పు మీద పడినా, కొడుకు ఫోన్ రెండు రోజులు స్విచ్ఛాఫ్ వచ్చినా, చేతిలోకి జపమాల ఎందుకు తీసుకుంటారు? దీని వెనక ఉన్న నమ్మకం ఏంది? చరిత్ర ఏంది? ఇందులో ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి? ఇవన్నీ మాట్లాడుకుందాం.

మేడిపల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు కతోలికులు ఎక్కువమంది ఏం ఉండరు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తంలో అన్ని రకాల క్రైస్తవులనూ కలిపినా ఒకటిన్నర శాతం లోపే. కానీ ఈ టాపిక్‌లో ఉన్న కష్టం మాత్రం మనందరిదీ. ఇంటికొకరు దుబాయో, మస్కటో, కువైటో పోయిన ఊర్లు మనవి. బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆడవాళ్ళు, మరమగ్గాల చప్పుడులో బతికే సిరిసిల్ల కార్మికులు మనవాళ్ళు. ఎదురుచూసే అమ్మలు ఏ మతంలోనైనా ఉంటారు. అందుకే ఈ విషయం క్రైస్తవులు కానివాళ్ళకు కూడా అర్థమయ్యేటట్టు చెప్తాం.

ముందు ఒక క్లారిటీ: మరియమ్మ దేవుడా?

కాదు. ఈ ఒక్క ముక్క క్లియర్‌గా తెలిస్తే సగం గందరగోళం పోతది.

కతోలిక శ్రీసభ బోధన ప్రకారం ఆరాధన దేవునికి ఒక్కడికే. తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ అనే త్రిత్వానికే. పునీతులకు ఇచ్చేది గౌరవం. మరియమ్మకు ఇచ్చేది అందరు పునీతుల కంటే ఎక్కువ గౌరవం. అంతే తప్ప ఆరాధన కాదు. ఈ మూడింటికీ లాటిన్‌లో మూడు వేరు వేరు మాటలే ఉన్నాయి. 1964 నవంబర్‌లో రెండో వాటికన్ మహాసభ శ్రీసభ గురించి ఒక పెద్ద పత్రం విడుదల చేసింది. దాని చివరి అధ్యాయం మొత్తం మరియమ్మ గురించే. అందులో చెప్పింది ఏందంటే, క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి, మరియతల్లి సహాయం ఆయన స్థానాన్ని తగ్గించదు, ఆయన నుంచే వస్తది అని.

ఈ మధ్యనే, 2025 నవంబర్‌లో, వాటికన్ మళ్ళీ ఒక పత్రం ఇచ్చింది. మరియమ్మను 'సహరక్షకి' అని పిలవడం సరికాదని అందులో స్పష్టంగా చెప్పింది. అంటే భక్తి ఎక్కువై హద్దు దాటకుండా శ్రీసభే చూసుకుంటోందన్నమాట.

మరి ప్రార్థన ఎందుకు చేస్తారు? ఇక్కడ మంగళవార్త జపం గమనించండి. కతోలికులు రోజూ చెప్పే చిన్న ప్రార్థన అది. మొదటి సగం లూకా సువార్తలోదే. గాబ్రియేలు దూత మరియమ్మకు పెట్టిన వందనం, చుట్టం ఎలిజబెతమ్మ ఆమెను మెచ్చుకున్న మాటలు. రెండో సగం మనం అడిగేది. ఏం అడుగుతాం? 'మాకు ఇయ్యి' అని కాదు. మా కోసం వేడుకొమ్మని, ఇప్పుడూ, మేం చనిపోయే గడియలోనూ. మన కోసం ప్రార్థన చేయమని పక్కింటి పెద్దమ్మను అడిగినట్టే. తేడా ఏందంటే, ఈ అమ్మ దేవుని దగ్గరే ఉంది అని కతోలికుల నమ్మకం.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. మన తెలంగాణలో చాలామంది క్రైస్తవులు ప్రొటెస్టెంట్లు. మెదక్ చర్చి తెలుసు కదా, 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ పెద్ద కట్టడం సి.ఎస్.ఐ. వాళ్ళది, కతోలికులది కాదు. ప్రొటెస్టెంట్లు మరియమ్మను గౌరవిస్తారు, కానీ ఆమెతో ప్రార్థనలో మాట్లాడరు. 'మధ్యవర్తి ఒక్కడే అని బైబిల్లో ఉంది కదా, నేరుగా యేసునే అడగొచ్చు కదా' అంటారు. కతోలికులు ఏమంటారంటే, 'నేరుగా అడగొచ్చు, అడుగుతాం కూడా. కానీ కుటుంబం అన్నాక ఒకరి కోసం ఒకరు అడుగుతారు కదా' అంటారు. ఈ తేడా ఐదు వందల ఏండ్ల నుంచి ఉన్నదే. కామెంట్లలో కొట్లాడితే తెగేది కాదు.

ఆమె జీవితమే కష్టాల లిస్టు

మరియమ్మ అంటే మనకు బొమ్మ గుర్తొస్తది. నీలం చీర, తెల్ల ముసుగు, చల్లని మొఖం. కానీ సువార్తలు తెరిచి చదివితే అక్కడ కనిపించే మనిషి వేరు.

పెళ్ళి కాకముందే గర్భం. ఊరు ఏమంటదో అన్న భయం. కాన్పు టైంకి సొంత ఊర్లో లేదు, సర్కారు జనాభా లెక్కల కోసం బెత్లెహేముకు పోవాల్సి వచ్చింది, అక్కడ ఉండడానికి చోటు దొరకలేదు. బిడ్డ పుట్టినంక రాజు హేరోదు చంపిస్తాడని తెలిసి రాత్రికి రాత్రి ఈజిప్టుకు పారిపోయారు. అంటే పరాయి దేశం, పరాయి భాష, పని వెతుక్కునే వడ్రంగి భర్త, చంకలో పిల్లగాడు. ఆ రాజు చచ్చిపోయాకనే తిరిగి ఇంటికొచ్చారు.

పిల్లవానికి పన్నెండేండ్లప్పుడు యెరూషలేం పండుగలో తప్పిపోయిండు. మూడు రోజులకు దొరికిండు. ఆ మూడు రోజులు ఆ తల్లికి నిద్ర ఉంటదా? గుళ్ళో సిమియోను అనే ముసలాయన ముందే చెప్పిండు, నీ గుండెలోకి ఒక కత్తి దూసుకుపోతది అని. చివరికి అదే అయింది. ముప్పై దాటిన కొడుకును కళ్ళ ముందే సిలువ వేస్తుంటే కింద నిలబడి చూసింది. ఆమె అక్కడ నిలబడి ఉన్నదని యోహాను సువార్త రాసింది. శిష్యుల్లో చాలామంది పారిపోయారు. అమ్మ పోలేదు.

అక్కడే యేసు తన శిష్యుణ్ణి చూపించి ఆమెకు కొడుకుగా అప్పగించాడు, శిష్యునికి ఆమెను తల్లిగా అప్పగించాడు. ఆ శిష్యుడు మనందరి తరఫున అక్కడ ఉన్నాడని కతోలికుల నమ్మకం. 'మా అమ్మ' అని వాళ్ళు అనడానికి మూలం ఇదే.

ఇంకో సీన్ కూడా ఉంది. కానా అనే ఊర్లో పెండ్లి. మధ్యలో ద్రాక్షారసం అయిపోయింది. మన దగ్గర పెండ్లిల కూర తక్కువైతే ఎట్లుంటది? ఇంటోళ్ళ ఇజ్జత్ పోతది. అక్కడ ఎవరూ వచ్చి మరియమ్మను అడగలేదు. ఆమే ముందుగా గమనించి కొడుకు చెవిన వేసింది. తర్వాత పనివాళ్ళతో, ఆయన ఏం చెప్తే అది చేయండి అన్నది. మరియ భక్తి మొత్తం ఈ సీన్‌లోనే ఉంది. ఆమె చూస్తది, అడుగుతది, తర్వాత కొడుకు వైపు చూపిస్తది. తాను చేసినట్టు చెప్పుకోదు.

ఇది ఎప్పటి నుంచి ఉంది?

చాలామంది ఇది మధ్యలో ఎవరో పెట్టిందనుకుంటారు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జాన్ రైలాండ్స్ లైబ్రరీ అని ఒకటుంది. అక్కడ ఈజిప్టు నుంచి వచ్చిన ఒక పాత పపైరస్ ముక్క ఉంది. దాని మీద గ్రీకు భాషలో మరియమ్మకు ఒక చిన్న ప్రార్థన. అది క్రీస్తు శకం మూడో శతాబ్దానిదని కొందరు పండితులు అంటారు, ఇంకా తర్వాతిదని అనేవాళ్ళూ ఉన్నారు. ఎట్ల చూసినా, మనకు దొరికిన మరియ ప్రార్థనల్లో చాలా పాతవాటిలో అది ఒకటి.

అందులో ఉన్న భావం ఏందంటే, నీ కనికరం నీడకు వచ్చినం, కష్టంలో మా మొర తోసివేయకు, ఆపద నుంచి కాపాడు అని. గమనించండి, సంపదలు ఇవ్వమని లేదు, శత్రువులను నాశనం చేయమని లేదు. భయపడ్డ పిల్లలు అమ్మ కొంగు కిందికి చేరినట్టు ఉంటది ఆ మాట.

తర్వాత 431లో ఎఫెసు మహాసభ ఆమెను 'దేవమాత' అని పిలవడం సరైనదే అని తీర్మానించింది. తెలుగు కతోలికులు ఇప్పటికీ ఆ పేరే వాడతారు.

ఒక్కతే అమ్మ, ఇన్ని పేర్లు ఎందుకు?

లూర్దుమాత, ఫాతిమామాత, ఆరోగ్యమాత, నిత్యసహాయమాత, వ్యాకులమాత. ఇవన్నీ వేరు వేరు దేవతలు కారు. అందరూ ఆ ఒక్క నజరేతు మరియమ్మే. ఏ ఊర్లో, ఏ కష్టంలో జనం ఆమెను గుర్తు చేసుకున్నారో దాన్ని బట్టి పేరు వచ్చింది.

లూర్దుమాత: ఫ్రాన్స్‌లో లూర్దు అనే చిన్న ఊరు. 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే 14 ఏండ్ల పిల్ల కట్టెలు ఏరడానికి పోయింది. అక్కడ గుహలో ఒక స్త్రీ కనిపించిందని చెప్పింది. జూలై 16 లోపు మొత్తం 18 సార్లు. ఆ పిల్లది నిరుపేద ఇల్లు, ఆస్తమా రోగం, సరిగ్గా చదువు రాదు. ఇప్పుడు ఏటా లక్షలమంది అక్కడికి పోతారు, వాళ్ళలో రోగులు కూడా చాలామంది. 1992లో పోపు రెండో జాన్ పాల్ ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించింది దీనివల్లనే.

ఆరోగ్యమాత: తమిళనాడు నాగపట్టణం దగ్గర వేళాంగణి. ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 8 దాకా ఉత్సవం. మన తెలుగోళ్ళు కూడా కాషాయం బట్టలు కట్టుకుని మొక్కు తీర్చుకోవడానికి పోతారు. తుపానులో చిక్కిన పోర్చుగీసు నావికులు అక్కడ ఒడ్డు చేరారని, ఆ కృతజ్ఞతతో గుడి కట్టారని అక్కడి సంప్రదాయ కథ.

ఫాతిమామాత: పోర్చుగల్‌లో 1917 మే 13 నుంచి అక్టోబర్ 13 దాకా, ముగ్గురు గొర్రెల కాపరి పిల్లలకు కనిపించిందని నమ్మకం. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అందుకే ఆ పేరుతో శాంతి కోసం ఎక్కువ ప్రార్థిస్తారు.

నిత్యసహాయమాత: ఈ బొమ్మను గూగుల్‌లో వెతికి జూమ్ చేసి చూడండి. బంగారు రంగు వెనక, అమ్మ చేతిలో బాలయేసు. పైన ఇద్దరు దూతలు సిలువ, బల్లెం పట్టుకుని ఉంటారు. అంటే తనకు రాబోయే బాధ ఆ పిల్లవానికి కనపడుతోంది. భయపడి అమ్మ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. కాలి చెప్పు ఒకటి ఊడి వేలాడుతోంది. పిల్లగాడు జడుసుకొని ఉరికొచ్చినట్టే ఉంటది. అమ్మ మాత్రం పిల్లవాని వైపు కాదు, మన వైపు చూస్తుంటది. ఈ పటం 1866 నుంచి రోములో రక్షకసభ గురువుల దగ్గర, పునీత అల్ఫోన్సు గుడిలో ఉంది. ముంబై మాహిం చర్చిలో 1948లో మొదలైన ఈ అమ్మ బుధవారం నొవేనా ఇప్పటికీ నడుస్తోంది. అన్ని మతాలవాళ్ళూ వస్తారు.

వ్యాకులమాత: సెప్టెంబర్ 15 పండుగ. కొడుకును పోగొట్టుకున్న అమ్మ. దీని గురించి చివర్లో మాట్లాడదాం.

మన తెలుగు నేలకు ఎట్లా చేరింది?

తెలుగు వాళ్ళల్లో అందరికీ తెలిసింది విజయవాడ గుణదల. 1924లో ఆర్లాతి అనే ఇటలీ గురువు అక్కడ మరియమాత స్వరూపాన్ని పెట్టారు. అప్పుడాయన అక్కడి సెయింట్ జోసఫ్ అనాథ శరణాలయం బాధ్యతలు చూస్తున్నారు. అంటే ఆ భక్తి మొదలైన చోటు తల్లిదండ్రులు లేని పిల్లల మధ్యన. ఇది గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవానికి లక్షలమంది వస్తారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, మెట్లెక్కి కొండ మీది సిలువ దాకా పోతారు. వచ్చేవాళ్ళలో హిందువులు, ముస్లింలు కూడా ఉంటారు.

మన వైపు చూస్తే, వరంగల్ మేత్రాసనం 1952 డిసెంబర్‌లో ఏర్పడింది. మేత్రాసనం అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం. దాని ప్రధాన దేవాలయం కాజీపేట దగ్గర ఫాతిమానగర్‌లో ఉంది, పేరే ఫాతిమామాత కథీడ్రల్. మన పాత కరీంనగర్ జిల్లా కూడా ఈ మేత్రాసనం పరిధిలోదే. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ కూడా మరియమ్మ పేరు మీదనే ఉంది, 2008లో దానికి బసిలికా హోదా వచ్చింది. సిటీలో చదువుకునే మన పిల్లలు చాలామంది బస్సులో ఆ తెల్ల గోపురాల పక్క నుంచి పోతూనే ఉంటారు.

మన దగ్గర ఈ భక్తి త్వరగా కలిసిపోవడానికి కారణం ఉంది. అమ్మను పిలవడం మనకు కొత్త కాదు. పోచమ్మకు బోనం ఎత్తే ఊర్లు, వేములవాడ రాజన్నకు కోడె మొక్కే ఇండ్లు, కొండగట్టు అంజన్న దగ్గరికి నడిచిపోయే కాళ్ళు మనవి. మొక్కు అనే మాట అందరికీ తెలుసు. నమ్మకం వేరు, దేవుని గురించిన బోధన వేరు. కానీ కష్టం వచ్చినప్పుడు చేతులు జోడించే తీరు మాత్రం దగ్గర దగ్గరగానే ఉంటది.

జపమాల ఎట్లా చెప్తారు?

సింపుల్. ఐదు పదుల పూసలు. ఒక్కో పదికి ముందు ఒక పరలోక జపం, తర్వాత పది మంగళవార్త జపాలు, చివర ఒక త్రిత్వ స్తోత్రం. ఒక్కో పదికీ యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టాన్ని తలచుకుంటారు. దాన్ని దేవరహస్యం అంటారు. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలు. బుధ, ఆదివారాలు మహిమ దేవరహస్యాలు. గురువారం వెలుగు దేవరహస్యాలు, వీటిని 2002లో చేర్చారు. మొత్తం ఇరవై నిమిషాలు పడతది. అక్టోబర్‌ను జపమాల నెల అంటారు. నొవేనా అంటే తొమ్మిది రోజులు వరుసగా చేసే ప్రార్థన.

'ఒకే మాట యాభై సార్లు ఎందుకు, బోర్ కదా?' అని అడిగేవాళ్ళు ఉంటారు. బాగా భయపడ్డప్పుడు మనిషికి కొత్త మాటలు దొరకవు. ఆస్పత్రిలో ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళను చూడండి. పెద్ద పెద్ద ప్రార్థనలు చేసే ఓపిక ఉండదు. అప్పుడు చేతికి పట్టుకోవడానికి ఒక పూస, నోటికి తెలిసిన ఒక మాట ఉంటే మనసు జారిపోకుండా ఆగుతది. పసిపిల్లలు కూడా అంతే కదా, ఏడ్చేటప్పుడు అమ్మా అనే ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ అంటారు.

గల్ఫ్‌ల ఉన్నోళ్ళకు ఈ అమ్మ

ఇప్పుడు మన ఇండ్ల దగ్గరికి వద్దాం. గల్ఫ్ దేశాల్లో చర్చిలు ఉండవని చాలామంది అనుకుంటారు. సౌదీలో లేవు, నిజమే. కానీ మిగతా చోట్ల ఉన్నాయి. దుబాయ్‌లో సెయింట్ మేరీస్ చర్చి ఉంది, 1960ల నుంచే. ఖతర్ దోహాలో జపమాల మాత పేరు మీద చర్చి 2008లో తెరిచారు. కువైట్‌లో, ఒమన్‌లో కూడా ఉన్నాయి. కువైట్, ఖతర్ లాంటి చోట్ల సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం పూజకు వచ్చేంత జనం శుక్రవారమే వస్తారు. లేబర్ క్యాంపుల నుంచి బస్సుల్లో దిగి వచ్చేవాళ్ళలో ఇండియా, ఫిలిప్పీన్స్, శ్రీలంక వాళ్ళే ఎక్కువ.

అక్కడ మరియమ్మకు ఒక ప్రత్యేకమైన పేరు ఉంది: అరేబియా మాత. కువైట్ అహ్మదీలో చమురు కంపెనీ పనివాళ్ళు ఉండే చోట మొదలైన భక్తి అది. 2011లో ఆమెను ఆ గల్ఫ్ ప్రాంతానికి పాలక పునీతగా ప్రకటించారు. బహ్రెయిన్‌లోని అవాలిలో ఆ పేరుతోనే పెద్ద కథీడ్రల్ 2021 డిసెంబర్‌లో మొదలైంది. దానికి స్థలం ఇచ్చింది ఆ దేశపు రాజు. 2022లో పోపు ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చిండు.

ఇంకో విషయం. మరియమాత ప్రార్థనామాల అని ఒకటుంది, వరుసగా ఆమె పేర్లు చదువుతూ, మా కోసం వేడుకొమ్మని అడిగేది. 2020 జూన్‌లో, కరోనా రోజుల్లో, పోపు ఫ్రాన్సిస్ దానికి మూడు కొత్త పేర్లు చేర్చిండు. కరుణగల తల్లి, నిరీక్షణకు తల్లి, వలసపోయినవాళ్ళకు ఓదార్పు. ఆ నెలలు గుర్తున్నాయా? హైవేల మీద సంచులు మోసుకుంటూ నడిచిన మనుషులు, గల్ఫ్‌ల పని పోయి రూములో ఇరుక్కుపోయిన మనవాళ్ళు. ఆ టైంలో ఆ పేరు చేర్చడం ఊరికే కాదు. ఈజిప్టుకు పోయిన అమ్మకు పాస్‌పోర్టు లేని బతుకు ఏందో తెలుసు అని చెప్పడం అది.

మొక్కు పేరుతో మోసపోకండి

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన విషయాలు.

ఒకటి. మొక్కు బేరం కాదు. 'నా కొడుకుకు వీసా ఇప్పిస్తే ఇంత ఇస్తా' అని అమ్మతో అగ్రిమెంట్ రాసుకున్నట్టు ఉండకూడదు. ఇంకా ఘోరం ఏందంటే మొక్కు తీర్చడానికి అప్పు చేయడం. ఏజెంటుకు కట్టిన లక్షలకే మిత్తి కడుతుంటే, మళ్ళీ యాత్రకు, విందుకు అప్పా? గుడికి పోలేకపోతే ఇంట్లో దీపం పెట్టి జపమాల చెప్పుకున్నా సరిపోతది. ఆ పైసలతో పక్కింటి పిల్లకు ఫీజు కడితే అది కూడా మొక్కే.

రెండు. మందులు ఆపొద్దు. లూర్దులో ఏం చేస్తారో చూడండి. అక్కడ 1883 నుంచి డాక్టర్ల ఆఫీసు ఉంది. స్వస్థత జరిగిందని ఇప్పటిదాకా ఏడు వేలకు పైగా కేసులు వచ్చాయి. వాటిలో శ్రీసభ అద్భుతం అని ఒప్పుకున్నవి 70 చిల్లర మాత్రమే. లూర్దు దర్శనాలను కూడా అక్కడి బిషప్ వెంటనే ఒప్పుకోలేదు, నాలుగేండ్లు విచారించి 1862లో ప్రకటించిండు. శ్రీసభే ఇంత జాగ్రత్తగా ఉంటే, 'షుగర్ గోళీలు పారేయండి, ఈ నూనె రాసుకోండి' అని ఎవడో ఫోన్‌లో చెప్తే మనం నమ్మాలా?

మూడు. వాట్సాప్ భయాలు. 'ఈ మాత బొమ్మను 11 మందికి పంపితే శుభవార్త, పంపకపోతే కీడు' అనే మెసేజ్‌లు వస్తుంటాయి కదా. అది భక్తి కాదు, మూఢనమ్మకం. బిడ్డలను బెదిరించే అమ్మ ఎక్కడైనా ఉంటదా? హాయిగా డిలీట్ కొట్టండి. కన్నీళ్ళు కార్చే విగ్రహాల వీడియోలు కూడా అంతే. ఇలాంటివాటిని ఎట్లా పరిశీలించాలో వాటికన్ 2024 మేలో కొత్త నియమాలు ఇచ్చింది. వాళ్ళే తొందరపడరు, మనకెందుకు తొందర?

నాలుగు. ప్రార్థన చేస్తూనే చేయాల్సింది చేయాలి. గల్ఫ్ పోయేవాళ్ళు ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. విజిట్ వీసా మీద పనికి పోకండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీలు ఇంట్లో ఒక సెట్టు పెట్టిపోండి. కానాలో నీళ్ళు ద్రాక్షారసం కావడానికి ముందు పనివాళ్ళు ఆరు రాతి బానలు నింపారు. అంచుల దాకా నింపారు. మన వంతు పని అంటే అది.

అమ్మ వినలేదు అనిపిస్తే?

ఇది అందరికంటే కష్టమైన ప్రశ్న. దీన్ని దాటేసి పోతే ఈ ఎపిసోడ్‌కు అర్థం లేదు.

నొవేనా చేశారు. ఉపవాసం ఉన్నారు. గుణదల మెట్లెక్కారు. అయినా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పెట్టె వచ్చింది. మన వైపు 'పెట్టె' అంటే ఏందో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. కొడుకు పోయేటప్పుడు సెల్ఫీ దిగిన అమ్మ, వచ్చేటప్పుడు అంబులెన్స్ వెనక నడుస్తది. సిరిసిల్లలో మగ్గం ఆగి, అప్పు పెరిగి, ఇంటి పెద్ద ప్రాణం తీసుకున్న ఇండ్లు ఉన్నాయి. ఆ ఇంట్లో 'మీ విశ్వాసం తక్కువైంది' అని ఎవరైనా అంటే అది క్రూరత్వం. కతోలిక బోధన కూడా అట్లా చెప్పదు.

ఎందుకంటే మరియమ్మ ప్రార్థనే ఆ రోజు అనుకున్నట్టు జరగలేదు. ఆమె విశ్వాసం తక్కువా? అయినా కొడుకు చనిపోయిండు. మైఖెలాంజెలో చెక్కిన ఒక విగ్రహం రోములో సెయింట్ పీటర్స్ బసిలికాలో ఉంది, పేరు పియెతా. చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మ. అరవదు, తిట్టదు. ఒక చేయి మాత్రం ఖాళీగా తెరిచి ఉంటది. వ్యాకులమాత అంటే ఆ అమ్మే.

అందుకే కష్టంలో ఉన్నవాళ్ళు ఆమె దగ్గరికి పోయేది ప్రతి కష్టాన్నీ ఆపుతదని గ్యారంటీ ఉండి కాదు. కొడుకు శవాన్ని అందుకోవడం ఏందో తెలిసిన ఒకరు దేవుని దగ్గర ఉన్నారన్న నమ్మకంతో. అర్థం చేసుకునేవాళ్ళ ముందే కదా ఎవరైనా మనసిప్పి ఏడ్చేది. కతోలికులకు దాని తర్వాత పునరుత్థానం అనే నమ్మకం ఉంది, కథ సమాధి దగ్గర అయిపోదని. కానీ శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య ఒక శనివారం ఉంది. ఆ రోజు ఏ జవాబూ లేదు. ఆ రోజు కూడా ఆమె నమ్మకం వదల్లేదని శ్రీసభ సంప్రదాయం, అందుకే శనివారం మరియమ్మకు ప్రత్యేకమైన రోజు అయింది. మనలో చాలామందిమి ఇప్పుడు ఆ శనివారంలోనే ఉన్నాం.

మరి మనం ఏం చేయగలం? ఆమె చేసిందే. నిలబడగలం. పక్కింట్లో గల్ఫ్ బాధితురాలు ఉంటే, పోయి కూర్చోండి. ఆఫీసు పేపర్లు రాయడం రాకపోతే మీరు ఫోన్‌లో నింపి పెట్టండి. మీకు ఇంగ్లీషు వస్తది, వాళ్ళకు రాదు. ఎంబసీకి మెయిల్ పెట్టడం మీకు పది నిమిషాల పని, ఆ అమ్మకు పది రోజుల నిద్ర. దోస్తు ఎవరైనా 'బతకాలని లేదురా' అంటే నవ్వి తీసేయకండి. 14416కు ఫోన్ చేయించండి. అది టెలీ మానస్, సర్కారు నడిపే ఉచిత నంబరు, రాత్రి పగలు పనిచేస్తది, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేసేవాళ్ళు చేయండి, ఫోన్ కూడా చేయండి. ఒకదానికొకటి అడ్డం కాదు.

మొత్తం ఒక్క మాటలో చెప్పాలంటే, మరియతల్లి భక్తి అంటే కష్టాన్ని మాయం చేసే మంత్రం కాదు. కష్టంలో ఒంటరిగా లేము అనే నమ్మకం. ఆ నమ్మకం నిజమని మన పక్కవాళ్ళకు తెలియాలంటే, వాళ్ళ పక్కన మనిషిగా మనం కూడా ఉండాలి.

ఈ ఎపిసోడ్ ఇక్కడితో ముగిస్తున్నాం. గల్ఫ్‌ల ఉన్న మీ అన్నకో, బావకో ఈ లింక్ పంపండి. పంపకపోయినా ఏ కీడూ జరగదు, భయపడకండి. కానీ లింక్ పంపినా పంపకపోయినా ఇయ్యాల ఇంట్లో అమ్మకు మాత్రం ఒక ఫోన్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు.